ఆధార్ కాపీ, ఫోన్ నంబర్ ఎవరికి ఎంతవరకు ఇవ్వాలి? రోజువారీ అలవాట్ల మీద చర్చ

తుంగభద్ర (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

ఆన్‌లైన్ గోప్యత అనగానే మన గ్రూపుల్లో మాట వీపీఎన్ మీదికో యాంటీవైరస్ మీదికో పోతుంది. మన వివరాలు ఎక్కువగా జారిపోయేది మాత్రం జిరాక్స్ షాపు కంప్యూటర్లోంచి, బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్లోంచి. ఆధార్ కాపీ, ఫోన్ నంబర్ రెండూ ఒకేచోట దొరికితే మోసగాడికి సగం పని అయిపోయినట్టే. కాబట్టి ఆ రెండింటితోనే మొదలుపెడదాం. తెలిసినవాళ్లు సెట్టింగ్ పేరుతో సహా రాయండి. "జాగ్రత్తగా ఉండండి" అని రాసి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ముందు జిరాక్స్ షాపు. గోడ మీద రాసిన నంబర్‌కి వాట్సాప్‌లో ఆధార్ పీడీఎఫ్ పంపుతాం. అది షాపు ఫోన్‌లో పడుతుంది, వాట్సాప్ వెబ్ ద్వారా కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. తర్వాత మనం "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కితే చాట్‌లోంచి పోతుందే గానీ డౌన్‌లోడ్స్‌లో పడిన కాపీ అలాగే ఉంటుంది. పైగా ఆ చాట్‌లో మన నంబర్, ప్రొఫైల్ ఫొటో, ఆధార్ మూడూ జతపడి కూర్చుంటాయి. ఆ కంప్యూటర్ ముందుకి రోజుకి ఎంతమంది వస్తారో ఎవరికి తెలుసు?

ఇంతకంటే మంచి పద్ధతి పెన్‌డ్రైవ్. ఒకవైపు టైప్-సి, ఇంకోవైపు మామూలు యూఎస్‌బీ ఉన్నదైతే ఫోన్‌లోంచి నేరుగా ఎక్కించుకోవచ్చు. అందులో ఆ ఒక్క ఫైలే ఉండాలి. పెన్‌డ్రైవ్‌లోంచే తెరిచి ప్రింట్ ఇవ్వమనండి, డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయనివ్వకండి. ఇంటికొచ్చాక దాన్ని ఫార్మాట్ చేయండి, ఎందుకంటే ఆ కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్‌లకు అంటుకునే వైరస్‌లు మామూలే. వాట్సాప్ తప్ప దారి లేకపోతే, ప్రింట్ అయ్యాక డౌన్‌లోడ్స్‌లో ఆ ఫైల్ మీద షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టమనండి. ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లో ఉండిపోతుంది. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మానేరు_గట్టు

మంచిగ చెప్పిన్రు అన్నా. అసలు పూర్తి నంబర్ ఉన్న ఆధార్ పంపుడే బంద్ చెయ్యాలె. ఆధార్ సంస్థ వాళ్ల మైఆధార్ సైట్ల ఓటీపీతో లాగిన్ అయ్యి "డౌన్‌లోడ్ ఆధార్" నొక్కితే కింద "మాస్క్‌డ్ ఆధార్ కావాలా" అని ఒక గడి ఉంటది. అది టిక్ చేస్తే 12 అంకెలల్ల ముందటి 8 కనపడవు, చివరి 4 మాత్రమే ఉంటయి.

ఆ పీడీఎఫ్‌కు ఒక పాస్‌వర్డ్ ఉంటది గదా, దాన్ని నమ్ముకోవద్దు. పేరుల మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిల (క్యాపిటల్ లెటర్స్‌ల), తర్వాత పుట్టిన సంవత్సరం. అందరికీ అదే సూత్రం. మీ పేరు, వయసు తెలిసినోళ్లు నాలుగైదు సార్ల ప్రయత్నంల తెరుస్తరు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ చెప్తలేరు. 2018కి ముందు ప్రింటైన పాత కార్డు మీద నంబర్‌ను పెన్నుతోని కొట్టేసి ఫొటో తీసి పంపుతరు. ఆ పాత కార్డుల మీది క్యూఆర్ కోడ్‌ల ఆధార్ నంబర్ మొత్తం మామూలు అక్షరాలల్లనే ఉంటది. ఏ స్కానర్ యాప్‌తోనైనా చదువొచ్చు. పైన కొట్టేసి కింద క్యూఆర్ వదిలిపెడితే ఏం ఫాయిదా లేదు. కొత్త సెక్యూర్ క్యూఆర్‌ల పూర్తి నంబర్ ఉండదు, చివరి నాలుగు అంకెలే. కానీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో అందుల కూడా ఉంటయి. అవసరం లేని చోట క్యూఆర్‌ను కూడా కప్పేయండి.

అమలాపురం_అబ్బాయి

మాస్క్‌డ్ ఆధార్ చూపిస్తే చాలా హోటళ్లలో, హాస్టళ్లలో ఒప్పుకోరండి. "ఒరిజినల్ కావాలి" అంటారు. అప్పుడేం చెయ్యాలి?

నాగలక్ష్మి_కె

అబ్బాయి గారూ, హోటల్‌కి కావాల్సింది ఫొటో ఉన్న ఒక గుర్తింపు పత్రం. అది ఆధారే అయి ఉండాలన్న నియమం లేదు. డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో ముందే కౌంటర్ మీద పెట్టండి. "ఏ ఐడీ ఇవ్వమంటారు?" అని మనమే అడిగితే ఆధార్ అనే అంటారు.

ఏ కాపీ ఇచ్చినా దాని మీద అడ్డంగా రాయాలి: "ఫలానా లాడ్జి గది కోసం మాత్రమే", తేదీ, సంతకం. కాగితం అంచున రాస్తే కత్తిరించేస్తారు. అక్షరాలు ఫొటో భుజం మీదుగా, పేరు, చిరునామా గీతల మీదుగా పోవాలి. ముఖం మాత్రం కనిపించాలి. ఆ కాపీతో వేరే చోట సిమ్ తీయాలని చూసినా, లోన్‌కి పెట్టాలని చూసినా పని జరగడం కష్టం.

ఫోన్‌లో చెరిపేవాళ్లకి ఇంకో హెచ్చరిక. గ్యాలరీ ఎడిటర్‌లో హైలైటర్ లాంటి మార్కర్‌ని నల్లరంగులో పెట్టి గీస్తారు. అది కొంచెం పారదర్శకంగా ఉంటుంది. రెండు మూడు సార్లు గీస్తే కంటికి నల్లగానే కనిపిస్తుంది కానీ, ఆ బొమ్మకి బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పూర్తిగా పెంచితే అంకెలు పైకి తేలతాయి. గీత గీయడం మానేసి నిండు రంగు నింపిన చతురస్రం పెట్టండి. ఆ తర్వాత స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే పంపండి. పీడీఎఫ్ అయితే నల్లపెట్టె కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే వచ్చేస్తాయి. అక్కడ కూడా స్క్రీన్‌షాటే మేలు.

2023లో పిక్సెల్ ఫోన్ల మార్కప్ టూల్‌లో ఒక లోపం బయటపడింది. కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఫైల్ చివర్లో పాత బొమ్మ డేటా మిగిలిపోయేది, దాన్నుంచి కత్తిరించిన భాగాన్ని మళ్లీ రాబట్టగలిగారు. అది సరిచేశారు, కానీ అప్పటికే పంపేసిన బొమ్మలు పంపినట్టే ఉన్నాయి.

కర్నూలు_కుర్రోడు

వేలిముద్రల సంగతి కూడా చెప్పండన్నా. మా వైపు పెద్దోళ్లకి దీని భయం బాగా ఉంది.

తుంగభద్ర

భయంలో అర్థముంది. ఆధార్ ద్వారా డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబర్, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ అడగదు, కార్డు అక్కర్లేదు. మన వేలిముద్ర ఎక్కడ దొరుకుతుందంటే, భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల స్కాన్ కాపీల మీద. పక్కనే పేరు, ఆధార్ కూడా. ఆ ముద్రల్ని రబ్బరు మీదికి దించి డబ్బు తీసిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు.

దీనికి మందు బయోమెట్రిక్ లాక్. ఎంఆధార్ యాప్‌లో గానీ, మైఆధార్ సైట్‌లో గానీ "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" ఉంటుంది. లాక్ చేశాక ఎవరైనా వేలు పెడితే 330 అనే ఎర్రర్ కోడ్‌తో తిరస్కరిస్తుంది. మనకి అవసరమైనప్పుడు తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే 10 నిమిషాలు తెరుచుకుని మళ్లీ దానంతటదే లాక్ అవుతుంది.

ఇక్కడ చిక్కు ఒకటుంది. నెల నెలా వేలిముద్ర వేసి రేషనో పింఛనో తీసుకునే పెద్దవాళ్లకి లాక్ పెడితే ఆ రోజు డీలర్ దగ్గర ముద్ర పడదు. ఎర్రర్ ఎందుకొచ్చిందో అక్కడెవరూ చెప్పరు, "మీ ముద్రలు అరిగిపోయాయి" అని పంపేస్తారు. ఇంట్లో అన్‌లాక్ చేసి పెట్టే పిల్లలుంటేనే వాళ్లకి లాక్ పెట్టండి. లేకపోతే పొదుపు డబ్బున్న ఖాతాని వేరే పెట్టుకోండి, ఆధార్‌కి ముడిపడ్డ ఖాతాలో తక్కువ మొత్తం ఉంచండి. ఏఈపీఎస్ లావాదేవీలు ఆపమని బ్రాంచిలో రాతపూర్వకంగా కూడా అడగొచ్చు.

మైఆధార్‌లో "అథెంటికేషన్ హిస్టరీ" అని ఇంకోటి ఉంది. గత 6 నెలల్లో మన ఆధార్‌ని ఎక్కడెక్కడ వాడారో, వేలిముద్రతోనా ఓటీపీతోనా, పని అయ్యిందా లేదా, అన్నీ వరసగా చూపిస్తుంది. నెలకోసారి చూడండి.

హనుమకొండ_హరి

ఫోన్ నంబర్ సంగతికొద్దాం. షాపుల బిల్లు చేసేటప్పుడు "నంబర్ చెప్పండి సార్" అంటరు. చెప్పకపోతే సిస్టం ముందటికి పోదంటరు. 2023 మే నెలల కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనిమీద సలహా ఇచ్చింది. కొనుక్కునేవాళ్లు నంబర్ ఇయ్యకపోతే బిల్లు ఇయ్యమని పట్టుపట్టుడు అన్యాయమైన వ్యాపార పద్ధతి అని. "నంబర్ లేకుండ బిల్లు ఇయ్యండి" అని మామూలుగ అడిగితే చాలు, కొట్లాట అవసరం లేదు.

ఆర్డర్లకు, పార్కింగుకు, లక్కీ డ్రా చీటీలకు ఒక రెండో నంబర్ పెట్టుకోండి. బ్యాంకుకు, ఆధార్‌కు ఉన్న నంబర్ బయట ఎవ్వరికీ తెల్వకుండ ఉంటే, "మీ ఖాతా బంద్ అయితది" అని వచ్చే ఫోన్లు ఏ నంబర్ మీదికి వస్తున్నయో చూసే అబద్ధమని తేలిపోతది. నాకైతే ఈ థ్రెడ్ మొత్తంల అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే అనిపిస్తది.

కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్ల మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నయో చూడండి. నంబర్, ఓటీపీ ఇస్తే జాబితా వస్తది. మీది కానిది ఉంటే "నాట్ మై నంబర్" పెట్టాలె. ఒక మనిషి పేరు మీద 9 దాకా తీసుకోవచ్చు కాబట్టి మీ ఆధార్ కాపీతోని తీసిన సిమ్ ఉన్నా మీకు తెల్వనే తెల్వదు. ఫోన్ పోతే దాని ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్) బ్లాక్ చేసేది కూడ ఆ సైట్లనే.

అమలాపురం_అబ్బాయి

యూపీఐలో కూడా నంబర్ బయటపడుతుంది కదండి. నేను డబ్బు పంపితే అవతల షాపతనికి కనిపిస్తుందా?

నాగలక్ష్మి_కె

అది మీ యూపీఐ ఐడీని బట్టి ఉంటుంది. చాలా యాప్‌లు మొదట ఫోన్ నంబర్‌నే ఐడీగా పెట్టేస్తాయి: పది అంకెలు, ఎట్ గుర్తు, బ్యాంకు పొట్టిపేరు. అలా ఉంటే మీ క్యూఆర్ స్కాన్ చేసిన ప్రతివాళ్లకీ నంబర్ తెలిసిపోయినట్టే. యాప్‌లో ప్రొఫైల్ దగ్గర "యూపీఐ ఐడీ" తెరిచి అంకెలు లేని కొత్త ఐడీ చేసుకుని దాన్ని డిఫాల్ట్‌గా పెట్టండి. పాతది తీసేయొచ్చు. పాత సామాను అమ్మేటప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఈ కొత్త ఐడీ మాత్రమే ఇవ్వండి.

డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతోందనే.

టెక్సాస్_తెలుగు

ఇండియా నంబర్ వదిలేసి విదేశాలకు వచ్చినవాళ్ల కోసం ఇది. వాడకం, రీచార్జ్ లేకుండా 90 రోజులు దాటితే ఆ నంబర్‌ని కంపెనీ ఆపేయొచ్చు. ఆపేశాక కొంతకాలానికి అది ఇంకొకరికి ఇస్తారు. ఆ కొత్త మనిషికి మీ బ్యాంకు ఓటీపీలు, మీ ఆధార్ ఓటీపీలు, మీ పాత ఈమెయిల్ రికవరీ కోడ్‌లు వస్తాయి. అతని తప్పేమీ లేదు, మనమే నంబర్ మార్చలేదు.

కాబట్టి రెండు దారులే. చిన్న రీచార్జ్‌తో నంబర్‌ని బతికించి, రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ వచ్చేలా పెట్టుకోవడం ఒకటి. లేదంటే వదిలేసే ముందు బ్యాంకు, ఆధార్, పాన్, పీఎఫ్, గూగుల్, డీమ్యాట్ అన్నిచోట్లా నంబర్ మార్చడం. ఆధార్‌లో నంబర్ మార్పు కోసం ఇండియా వచ్చినప్పుడే ఆధార్ సెంటర్‌కి వెళ్లండి. వాట్సాప్‌లో అయితే "చేంజ్ నంబర్" వాడండి, అకౌంట్ అలా గాలికి వదిలేయకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకో ముఖ్యమైన పని. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడు కంపెనీల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (కొత్తగా అప్పిచ్చేవాళ్లకి మీ క్రెడిట్ రిపోర్టు కనిపించకుండా వేసే తాళం) పెట్టండి. 2018 సెప్టెంబర్ నుంచి ఇది ఉచితం. ఒకచోట పెడితే మిగతా రెండింటికీ వర్తించదు, మూడు చోట్లా విడివిడిగా పెట్టాలి. మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ ఎవరికైనా చిక్కినా మీ పేరుతో కొత్త కార్డు, కారు లోన్ తీయడం దాదాపు కుదరదు. మీకే లోన్ కావాల్సి వస్తే ఒకటి రెండు రోజులకి ఎత్తేసి మళ్లీ పెట్టుకోవచ్చు. అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర 6 అంకెల ఐపీ పిన్ తీసుకుంటే మీ పేరుతో వేరేవాళ్లు ఆన్‌లైన్‌లో ట్యాక్స్ రిటర్న్ వేయలేరు.

రూమ్ కోసం వెతికే వాట్సాప్ గ్రూపుల్లో పాస్‌పోర్ట్, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఫొటోలు పెడుతున్నారు పిల్లలు. దయచేసి ఆపండి. ఇంటి యజమానికి అవసరమైతే ఆయన ఒక్కడికే, అద్దె ఖాయమయ్యాకే పంపాలి.

మానేరు_గట్టు

వాట్సాప్ సెట్టింగ్స్ నేను రాస్త. ఇండ్లల్ల అందరి ఫోన్లల్ల చేసి పెట్టండి.

సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్. 6 అంకెల పిన్ పెట్టి, ఈమెయిల్ కూడ ఇయ్యాలె. ఈమెయిల్ ఇయ్యకుండ పిన్ మర్చిపోతే 7 రోజులు ఆగాల్సి వస్తది. ఈ పిన్ ఉంటే ఓటీపీ దొంగతనం చేసినా మీ వాట్సాప్ వేరే ఫోన్ల అంత సులువుగ తెరుచుకోదు.

తర్వాత లింక్‌డ్ డివైజెస్. జిరాక్స్ షాపుల, ఆఫీసుల తెరిచి మర్చిపోయిన వాట్సాప్ వెబ్‌లు ఇక్కడ కనపడుతయి. తెల్వని దానిమీద నొక్కి లాగౌట్ చెయ్యండి. ఈ మధ్య క్యూఆర్ లేకుండ 8 అక్షరాల కోడ్‌తోని కూడ లింక్ చేయొచ్చు. "ఈ కోడ్ మీ వాట్సాప్‌ల కొట్టండి, ఫొటో కనపడ్తది" అని ఎవరన్న పంపితే, మీ చాట్‌లన్నీ వాళ్ల కంప్యూటర్‌కు ముడిపెడుతున్నరన్నట్టు.

ప్రైవసీల గ్రూప్స్‌ను "మై కాంటాక్ట్స్" చెయ్యండి. లేకపోతే షేర్ మార్కెట్ గ్రూపులల్ల ఎవరు పడితే వాళ్లు కలుపుతరు, అక్కడున్న వందల మందికి మీ నంబర్ దొరుకుతది. ప్రొఫైల్ ఫొటో కూడ మై కాంటాక్ట్స్‌కే. మీ ఫొటో పెట్టుకుని కొత్త నంబర్ నుంచి "నంబర్ మారింది, అర్జంటుగ పైసలు పంపు" అని చుట్టాలకు మెసేజ్ చేసేది ఆ ఫొటో బయట దొరుకుతదని గదా.

బ్యాకప్: చాట్స్, చాట్ బ్యాకప్, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ (మీ పాస్‌వర్డ్ లేకుండ ఎవరూ చదువలేని కాపీ) ఆన్ చెయ్యండి. ఇది చెయ్యకపోతే గూగుల్ డ్రైవ్‌ల కూసున్న కాపీకి ఆ రక్షణ ఉండదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాల పెట్టండి. మర్చిపోతే వాట్సాప్ వాళ్లు కూడ తెరువలేరు.

కర్నూలు_కుర్రోడు

కొరియర్ వాళ్లమని ఫోన్ చేసి స్టార్, అంకెలు, హ్యాష్ ఉన్న కోడ్ కొట్టమంటారు కదా, అదేంది?

తుంగభద్ర

కాల్ ఫార్వర్డింగ్. ఆ కోడ్‌లో ఉన్న పది అంకెలు వాళ్ల నంబర్. కొడితే మీకొచ్చే కాల్స్ వాళ్లకి పోతాయి. తర్వాత మీ వాట్సాప్‌ని వాళ్ల ఫోన్‌లో తెరిచి, కోడ్‌ని ఎస్సెమ్మెస్‌కి బదులు వాయిస్ కాల్‌లో చెప్పమంటారు. ఆ కాల్ వాళ్లకే వెళ్తుంది. ఫోన్ యాప్‌లో సెట్టింగ్స్, కాలింగ్ అకౌంట్స్, కాల్ ఫార్వర్డింగ్ తెరిచి చూడండి. "ఆల్వేస్ ఫార్వర్డ్" దగ్గర ఏదైనా తెలియని నంబర్ కనిపిస్తే వెంటనే ఆపేయండి. *#21# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ ఉందో లేదో చూపిస్తుంది, అది చూడటానికి మాత్రమే, ఏమీ మార్చదు.

నాగలక్ష్మి_కె

ఏపీకే ఫైళ్ల గురించి ఇంకా ఎవరూ రాయలేదు. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వస్తున్నాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తాయి, ఎందుకంటే ముందు వాళ్ల ఫోనే చిక్కింది. శుభలేఖ అంటే ఫొటో అయి ఉండాలి, పీడీఎఫ్ అయి ఉండాలి, వీడియో అయి ఉండాలి. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్.

ఇన్‌స్టాల్ అయ్యాక అది మొదట అడిగేది ఎస్సెమ్మెస్ పర్మిషన్. ఇస్తే ఓటీపీలు చదివి బయటికి పంపుతుంది. యాక్సెసిబిలిటీ పర్మిషన్ కూడా ఇచ్చారంటే స్క్రీన్ మీద మీరు చేసే ప్రతి పనీ చూడగలదు, మీ బదులు నొక్కగలదు.

ముందే ఆపే సెట్టింగ్: సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. అక్కడ వాట్సాప్, క్రోమ్, టెలిగ్రామ్, ఫైల్స్ అన్నింటి పక్కనా "నాట్ అలౌడ్" ఉండాలి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలో ఈ ఒక్కటి చేసినా ఎంతో మేలు.

పొరపాటున ఇన్‌స్టాల్ అయిపోతే వరస ఇది. వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత ఎక్కువ డబ్బు అవతలి ఖాతాలో ఆపగలుగుతారు. ఆ తర్వాతే యాప్ తీసేయడం. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో తెరిచి, డివైజ్ అడ్మిన్ యాప్స్‌లో దాని టిక్ తీసి తొలగించాలి. అప్పటికీ అనుమానముంటే ఫ్యాక్టరీ రీసెట్.

హనుమకొండ_హరి

లోన్ యాప్‌లు కూడ గట్లనే. కాంటాక్టులు, గ్యాలరీ అడిగితే అక్కడికే ఆగిపోవాలె. ఆర్‌బీఐ 2022ల ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పు యాప్‌లు కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్, ఫైళ్లు ముట్టుకోవద్దు. కేవైసీ కోసం కెమెరా, మైక్, లొకేషన్ ఒక్కసారి అడుగొచ్చు, అది కూడ మీరు ఒప్పుకుంటేనే. కాంటాక్టులు అడిగే యాప్ రేపు మీ చుట్టాలందరికీ ఫోన్ చేసి పరువు తీసేటందుకే అడుగుతున్నది.

సాగరతీరం_వైజాగ్

ఇంత రాశారు, వీపీఎన్ మాట ఎవరూ ఎత్తలేదేంటి? ఒక వీపీఎన్ వేసుకుంటే ఇవన్నీ తప్పుతాయి కదా. రైల్వే స్టేషన్ వైఫైలో బ్యాంకు యాప్ తెరిస్తే ప్రమాదం కదండీ.

తుంగభద్ర

తప్పవండి. వీపీఎన్ చేసేది ఒకటే: మీరు ఏ సైట్లకి వెళ్తున్నారో వైఫై యజమానికి, ఇంటర్నెట్ కంపెనీకి కనిపించకుండా చేసి, ఆ సంగతి వీపీఎన్ కంపెనీకి కనిపించేలా చేస్తుంది. మీరు చేతులారా ఇచ్చిన నంబర్‌నీ, ఆధార్‌నీ, పర్మిషన్లనీ అది ఏం చేయలేదు. గూగుల్‌లో లాగిన్ అయి ఉంటే వీపీఎన్ ఉన్నా గూగుల్‌కి మీరెవరో తెలుసు. ఉచిత వీపీఎన్‌లు మరీ ప్రమాదం, వాటికి ఎక్కడినుంచో ఆదాయం రావాలి కదా. 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు 5 ఏళ్లు దాచాలి. అది వద్దనుకున్న కొన్ని కంపెనీలు ఇండియాలో సర్వర్లు తీసేశాయి.

స్టేషన్ వైఫైలో బ్యాంకు యాప్ ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, మధ్యలో కూర్చుని చదవడం సులువు కాదు. అక్కడి అసలు ప్రమాదం అదే పేరుతో పెట్టిన దొంగ వైఫై. లాగిన్ పేజీ చూపించి "గూగుల్ పాస్‌వర్డ్ ఇవ్వండి", "ఈ యాప్ వేసుకోండి" అంటుంది. వైఫై లాగిన్‌కి ఫోన్ నంబర్, ఓటీపీ మించి ఏదడిగినా వెనక్కొచ్చేయండి. డబ్బు పనులకి మొబైల్ డేటా వాడితే ఈ బెంగే లేదు. వాడి వచ్చాక ఆ నెట్‌వర్క్‌ని "ఫర్‌గెట్" చేయండి, లేకపోతే అదే పేరున్న ఏ వైఫై కనిపించినా ఫోన్ తనంతట తానే కలిసిపోతుంది.

సాగరతీరం_వైజాగ్

అర్థమైందండి. మరి పాస్‌వర్డ్‌లు మూడు నెలలకోసారి మార్చాలంటారు, అదైనా నిజమేనా?

నాగలక్ష్మి_కె

లీకైతేనే మార్చాలి. ఊరికే మారుస్తూ పోతే చివరి అంకె 1 పోయి 2 అవుతుంది, అంతే. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉండటం అసలు సమస్య. ఏదో చిన్న షాపింగ్ సైట్‌లో లీకైన దాన్ని తెచ్చి మీ జీమెయిల్‌లో కొట్టి చూస్తారు. బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే యాప్) పెట్టుకుని ప్రతి సైట్‌కీ వేరేది దాన్నే తయారుచేయనివ్వండి. గుర్తుంచుకోవాల్సింది మేనేజర్‌దీ, ఈమెయిల్‌దీ రెండే. వాటికి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకోండి. సామెత, పాట పల్లవి, దేవుడి పేరు వద్దు.

జీమెయిల్‌కి పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) గానీ అథెంటికేటర్ (లాగిన్ కోడ్‌లు చూపించే యాప్) గానీ పెట్టి, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి దాచండి. ఫోన్ పోయిన రోజు అవే దిక్కు.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనిపించకుండా చేయడం కూడా మర్చిపోకండి. సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో "సెన్సిటివ్ నోటిఫికేషన్స్" ఆపాలి. ఫోన్ లాక్‌లో ఉన్నా ఓటీపీ పైన కనిపిస్తుంటే ఆ లాక్ ఎందుకు?

అమలాపురం_అబ్బాయి

మెసేజ్‌ల గురించి ఒక చిన్న మాట నేనూ చెప్తానండి. ఇప్పుడు కంపెనీల ఎస్సెమ్మెస్ పేరు చివర ఒక అక్షరం వస్తోంది. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. బ్యాంకు పేరు చెప్పి మామూలు పది అంకెల నంబర్ నుంచి వచ్చిందంటే తెరవక్కర్లేదు. కాల్స్‌లో 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, బీమా సంస్థల సర్వీసు కాల్స్‌కి, 140తో మొదలయ్యేవి ప్రచారానికి. ప్రచారం అసలే వద్దంటే ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి ఖాళీ వదిలి 0 పెట్టి 1909కి పంపాలి. బ్యాంకు వెబ్‌సైట్లు కూడా ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తున్నాయి, అడ్రస్ చివర అదుందో లేదో చూడండి.

కర్నూలు_కుర్రోడు

ఆడపిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లోంచి తీసి వాడుతున్నారు. దానికేమన్నా ఉందా?

నాగలక్ష్మి_కె

ప్రొఫైల్ లాక్ ఇండియాలో 2020 నుంచి ఉంది. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి "లాక్ ప్రొఫైల్". పాత పోస్టులన్నీ కూడా స్నేహితులకే పరిమితమవుతాయి. దానితో పాటు ఫ్రెండ్స్ లిస్టుని "ఓన్లీ మీ" చేయాలి. నకిలీ ప్రొఫైల్ పెట్టేవాళ్లకి మీ ఫొటో ఎంత ముఖ్యమో, డబ్బు అడగడానికి మీ స్నేహితుల జాబితా అంతే ముఖ్యం. "హూ కెన్ లుక్ యూ అప్"లో ఫోన్ నంబర్, ఈమెయిల్ రెండూ కూడా మూసేయండి.

ఫొటోలో దాగి ఉండే లొకేషన్ గురించి కూడా తెలుసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది. క్లారిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే ఇంటి లొకేషన్‌తో సహా వెళ్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో "లొకేషన్ ట్యాగ్స్" ఆపేస్తే సరిపోతుంది. అసభ్యంగా మార్చిన ఫొటోతో ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింకు దాచి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మహిళలు, పిల్లల ఫిర్యాదులకి అక్కడ వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

సాగరతీరం_వైజాగ్

కొత్త చట్టం వచ్చింది కదా, కంపెనీని మన డేటా తీసేయమని అడగొచ్చా?

టెక్సాస్_తెలుగు

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు, మన డేటా చెరిపేయమని అడిగే హక్కుతో సహా, నోటిఫై అయిన 18 నెలలకి అమల్లోకి వస్తాయి. ఉల్లంఘనకి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అప్పటిదాకా కూడా అడగడం మొదలుపెట్టొచ్చు. యాప్ తీసేసే ముందు దాని లోపల "డిలీట్ అకౌంట్" నొక్కండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మీ ఫోన్‌లోంచి యాప్ పోతుంది, వాళ్ల సర్వర్లో మీ ఖాతా అలాగే ఉంటుంది.

కర్నూలు_కుర్రోడు

ఆఖరి ప్రశ్న. డిస్‌ప్లే పగిలింది, షాపాయన ఫోన్ పెట్టి పొమ్మని, పిన్ కూడా చెప్పమంటున్నాడు. ఇవ్వాలా?

మానేరు_గట్టు

పిన్ ఇయ్యకు తమ్మీ. డిస్‌ప్లే, బ్యాటరీ మార్చెటందుకు పిన్ అవసరం లేదు. టచ్ పని చేస్తున్నదో లేదో ఎమర్జెన్సీ డయలర్‌లనే చూడొచ్చు, కెమెరా లాక్ స్క్రీన్ మీదనే తెరుచుకుంటది. శాంసంగ్ అయితే సెట్టింగ్స్, డివైజ్ కేర్‌ల "మెయింటెనెన్స్ మోడ్", పిక్సెల్ అయితే "రిపేర్ మోడ్" ఉంటది. అది పెడితే ఫోన్ తెరుచుకుంటది కానీ నీ ఫొటోలు, మెసేజ్‌లు, యాప్‌లు ఏవీ కనపడవు. మళ్ల నీ పిన్ కొడితేనే బయటికి వస్తది. వేరే ఫోన్ అయితే సెట్టింగ్స్‌ల "మల్టిపుల్ యూజర్స్" ఉన్నదా చూసి గెస్ట్ మోడ్‌ల పెట్టియ్యి. ఇయ్యకముందే సిమ్, మెమరీ కార్డు తీసుకో. మెమరీ కార్డుకు మామూలుగ ఏ లాకూ ఉండదు, వేరే ఫోన్ల పెడితే అన్నీ కనపడతయి.

అమ్మేస్తున్నవంటే మాత్రం వేరే లెక్క. ముందుగాల యూపీఐ యాప్‌లల్ల ఖాతా తీసెయ్యి, తర్వాత గూగుల్ అకౌంట్ రిమూవ్ చెయ్యి, ఈసిమ్ (కార్డు లేకుండ ఫోన్ లోపలనే ఉండే సిమ్) ఉంటే చెరిపెయ్యి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. గూగుల్ అకౌంట్ తియ్యకుండ రికవరీ మెనూలకెంచి రీసెట్ చేస్తే కొన్నోళ్లకు పాత పాస్‌వర్డ్ అడుగుతది, వాళ్లు నీకే ఫోన్ చేసి అడుగుతరు. అప్పుడు కూడ పాస్‌వర్డ్ చెప్పకు. వేరే ఫోన్ల నీ గూగుల్ అకౌంట్ తెరిచి, "యువర్ డివైజెస్"ల ఆ ఫోన్‌ను సైనౌట్ చెయ్యి. అయినా అడుగుతుంటే ఫోన్ తెప్పించుకుని నీ చేతులతోనే పాస్‌వర్డ్ కొట్టి, అకౌంట్ తీసి, మళ్ల రీసెట్ చేసియ్యి.